సవరమును తలనూనెయు

అలంపురమున తుంగభద్ర యొడ్డున జోగులాంబను దర్శించినవారు ఆమె కేశపాశమును మరువజాలరు. ఇతర క్షేత్రములయందు శిల్పి దేవతకు కిరీటమునో జటామకుటమునో అమర్చి తలకట్టును చక్కదిద్దియుండగా, ఇచ్చట అమ్మవారి వెంట్రుకలు పైకెగసి నిలిచియుండును. వాని నడుమ బల్లియు, తేలును, గబ్బిలమును, మనుష్యుని పుఱ్ఱెయు కానవచ్చును. ఒక యింట జీవకళ తరుగుటకు ఇవి నాలుగు మెట్లని అచ్చటి పెద్దలు చెప్పుదురు: మొదట బల్లులు పెరుగును, పిమ్మట తేళ్లు చేరును, ఆ పైని గబ్బిలములు వ్రేలాడును, తుదకు మృత్యువు గడప దాటును. 14వ శతాబ్దపు తుదిని పాతగుడి కూలిన పిదప ఆ మూర్తి ఆరు వందల యేండ్లు బాలబ్రహ్మేశ్వరుని యాలయమున ఒదిగియుండి, 2005లో గాని నూతనాలయమునకు చేరలేదు. ఇంటి క్షేమమును కొలుచుటకు అమ్మవారి కేశములను కొలబద్దగా చేసికొనిన ఈ నడిగడ్డ ప్రజలు, ఒంటి క్షేమమును కొలుచుటకును వెంట్రుకనే చూచుచుండిరి. బాలింతరాలిని చూడవచ్చిన ముత్తైదువ మొదట ముఖమును గాక జడను తడవి చూచుట మా చిన్ననాట నిత్యము కనిన విషయమే.

ఈ నడిగడ్డకు, అనగా కృష్ణా తుంగభద్రల నడిమి గద్వాల సీమకు, ఉత్తరమున వనపర్తియు, దానికి తూర్పుగా నల్లమల యడవులదాక వ్యాపించిన నాగరుకర్నూలును కలిసి నిన్నమొన్నటివరకు పాలమూరు జిల్లాలో భాగములై యుండినవి. 2016 అక్టోబరు 11న మూడును మూడు జిల్లాలైనవి. ఈ నేలపై పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’యందు రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, జనుల తిండిని, బట్టను, నగలను, ఆటలను వెదకి కూర్చిరి. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ తెలుగున తన తొలి బహుమానమును ఇచ్చినది. అప్పటికి రెండేండ్లకు ముందే గ్రంథకర్త కన్నుమూసిరి. వారు చూపిన త్రోవను పట్టి, రాలిన వెంట్రుక చుట్టు అల్లుకొనిన యాచారములను వెదకుట నా పని. వెంట్రుకయంత విషయమునకు ఇంత ప్రయాస యేలయని యడుగువారు తమ యింటి యద్దమును అడిగి చూడవచ్చును.

నూనెతో మొదలిడుట న్యాయము, ఏలయన ఇది నూనె నేల. వర్షాధారమైన ఎఱ్ఱ చెలకలలో ఆముదము విరివిగా పండుటచే ఒకప్పటి హైదరాబాదు రాజ్యమునకు ఆముదపు పంట పుట్టినిల్లని పేరు వచ్చినది. పాలమూరు అందొక ముఖ్యభాగము. నాగరుకర్నూలును నేటికిని చుట్టుప్రక్కల ముసలివారు కందనూలు అనియే పిలుతురు. బండి యిరుసునకు పూయు కందెన అచ్చట అమ్ముడగుచుండుటచే ఆ పేరు వచ్చినదని జనశ్రుతి. తుంగభద్ర కావలి కర్నూలునకును కందెనవోలు అను పేరుతో ఇట్టి కథయే కలదు. అలంపురపు గుళ్లకు రాళ్లు మోసిన బండ్లవారు ఏరు దాటుటకు ముందు అచ్చట ఆగి ఇరుసులకు కందెన పూసికొనిరట. ఇరుసునకు పూసినది, దీపమున పోసినది, పసిబిడ్డ మాడున అద్దినది, ఆలి తలకు రాచినది ఒకే ఆముదము. శుద్ధిలో మాత్రము భేదము. గాండ్లవారి గానుగలో ఆడిన నువ్వులనూనె కలిగినయింటి తలలకు, ఇంటికడ గింజలను వేచి దంచి నీట కాచి తీసిన వంటాముదము తక్కిన తలలకు చెల్లుచుండెను. కొబ్బరినూనె ఈ ప్రాంతమునకు పరదేశి. కొబ్బరితోటలు లేని యీ సీమకు అది డబ్బాలకెక్కి వచ్చిన పిదపనే ఆముదపు వాసన నాగరికులకు వెగటైనది.

జుట్టు రాలుచున్నదన్నచో మొదట తలపునకు వచ్చునది గుంటగలగర. వనపర్తి ప్రభువులు త్రవ్వించి సప్తసముద్రములని పేరిడిన చెరువుల అలుగుల క్రిందను, వరిమళ్ల గట్లమీదను, ఎవ్వరును నాటకయే మొలచు ఈ చిన్నమొక్కకు తెల్లని బొత్తాములవంటి పూలుండును; ఆకును నలిపినచో పచ్చగానున్న రసము చూచుచుండగనే నల్లబారి వ్రేళ్లకు మసి పట్టించును. కురులను నల్లచేయుననిన విశ్వాసమునకు ఈ మసియే మొదటి సాక్ష్యమైయుండును. తెల్లవారి మంచు ఆరకముందు కోసి తెచ్చిన ఆకును రోట దంచి, గుడ్డలో పిండి, ఆ రసమునకు సరిపడ నూనె కలిపి, సన్నని సెగపై ఉంచవలెను. ఉసిరిక పెచ్చులను, మెంతులను, మందారపు రేకలను చేర్చువారు చేర్చుదురు. నీటి పాలు ఆవిరియగు నంతసేపు నూనె చిటపటలాడును. ఆ సడి అణగి, నురుగు తేరి, అడుగున మడ్డి ఇసుకవలె గరుకెక్కినపుడు దింపవలెను. అనుమానము తీరకున్నచో దూదివత్తిని అందు ముంచి వెలిగించి చూచుట కలదు. చిటపటమనక నిలుకడగా వెలిగినచో నూనె పాకమునకు వచ్చినట్లు. ఈ వత్తి పరీక్ష ఆయుర్వేద గ్రంథములలోని తైలపాక విధికి సరిపోవుచుండుట గమనింపదగినది. చదువురాని అవ్వలకు ఈ శాస్త్రము చేరినదో, అవ్వల వంటయింటినుండియే శాస్త్రమునకు చేరినదో తేల్చుట నాకు సాధ్యము కాదు గాని, రెండవదానివైపే నా మొగ్గు.

తలంటునకు కావలసిన కుంకుడు నల్లమలనుండి దిగుచుండెను. అమ్రాబాదు మిట్టపై నివసించు చెంచులు తేనెయు, బంకయు, ఇప్పపువ్వును తెచ్చినట్లే కుంకుడుకాయలను, ఉసిరికను కావళ్లకెత్తి అచ్చంపేట వైపు అంగళ్లకు తెచ్చి ఉప్పునకు, జొన్నలకు మార్చుకొనిపోవుచుండిరి. అడవిలో అట్లు ఏరుకొని బ్రదుకు చెంచుల జీవితమును హైమెన్‌డార్ఫు అను పండితుడు వారి నడుమ నివసించి పరిశీలించి 1943లో గ్రంథస్థము చేసెను.

ఇంత నూనె రాచుకొనినను బట్టతలలు బట్టతలలుగనే యుండెనని ఒప్పుకొనుట మేలు. నూనె వెంట్రుక చిట్లకుండ కాపాడును, చిక్కు తీయునపుడు తెగకుండ చేయును, మాడునకు హాయి నిచ్చును. తెగుట తగ్గినచో రాలుట తగ్గినట్లే తోచును. అంతకు మించి, ఎండిన కుదురునుండి మరల మొలక నెత్తించు శక్తి దానికి లేదు. ఈ సంగతి పూర్వులు ఎఱుగక కాదు. ఆయుర్వేదాచార్యుడు వాగ్భటుడు ఒక్కసారిగా పాయలు పాయలుగా ఊడుదానిని ఇంద్రలుప్తమనియు, క్రమక్రమముగా పలుచబడుదానిని ఖలతి యనియు వేరుపఱచి, గోరువలె నునుపెక్కి మెఱయు తలను అసాధ్యముగా ఎంచి వైద్యుడు విడిచిపెట్టవలెననెను. సుశ్రుతుడు దాని పుట్టుకను చెప్పుచు, రోమకూపమును చేరిన పిత్తము వాతముతో కూడి వెంట్రుకను జార్చుననియు, పిమ్మట రక్తముతో కూడిన కఫము ఆ కూపమును మూసివేయుటచే మఱియొక వెంట్రుక పుట్టదనియు వివరించెను. జాఱుట వేఱు, మరల పుట్టకుండుట వేఱు అను ఈ రెండు మెట్ల విభాగము ఎంత నిశితమైనదో నేటి చర్మవైద్యుని అడిగినచో తెలియును.

తెలుగువాడు తన పలుకుబడిలో ఇదే భేదమును వేరు మాటలతో చేసికొనెను. వెండినాణెమంత మేర గుండ్రముగా వెంట్రుకలు మాయమైనచో అది పేనుకొరుకుడు; పేనునకు ఆ యపరాధముతో ఏ సంబంధమును లేదు గాని పేరు నిలిచిపోయినది. దానికి గురువిందగింజను నూరి పూయుట పల్లెలయందు కలదు, సంస్కృత గ్రంథములయందును కలదు. గురువింద విషబీజమగుటచే చేయి తిరిగినవాడే ఆ పని చేయుచుండెను. పేనుకొరుకుడు పెక్కుమారులు తనంత తానే మానును. ఆ కీర్తి మాత్రము గురువిందకు దక్కెను. నుదురు వెనుకకు జరిగి నడినెత్తిన మైదానమేర్పడినచో అది బట్టతల. దానికి పల్లెయందు మందు చెప్పినవారు తక్కువ, ధనయోగమని ఊరడించినవారు ఎక్కువ. భర్తృహరి శ్లోకమును ఏనుగు లక్ష్మణకవి తెనిగింపగా బడిపిల్లలందఱికి పరిచితుడై, ఎండకు తాళలేక తాటిచెట్టు నీడకు పోయి తల పగులగొట్టుకొనిన ఖర్వాటునకు ఏ ధనయోగము పట్టెనో తెలియదు.

మంగలి పొదిని విడిచి ఈ కథ నడువదు. కత్తియు, అద్దమును, గోరుగల్లును ఉన్న ఆ తోలుసంచిలో ఒక మూల పూతమందును ఉండెడిది. పుండ్లు కోయుట, చీము తీయుట, పట్టు వేయుట అతని వృత్తిలో భాగములు. అతని యింటి స్త్రీలు పెక్కుచోట్ల మంత్రసానులు. తాత తలను, తండ్రి తలను, కొడుకు తలను ఒకే కత్తిక్రింద చూచినవాడు ఊర మఱియొకడు లేడు గనుక, ఇరువది యేండ్ల కుఱ్ఱవాని నెత్తిన సుడిచుట్టు పలుచదనమును తడవినంతనే ‘మీ తాత తల వచ్చుచున్నది, దొరా’ యని నవ్వి చెప్పగలిగెడివాడు. ఆ కాలమున వంశక్రమమును గూర్చి ఇంతకంటె నమ్మదగిన సాక్షి లేడు. వనపర్తి, గద్వాల సంస్థానముల బస్తీలలో హకీములును ఉండిరి. వారు పేనుకొరుకుడును దా-ఉస్-సాలబ్ అనిరి, అనగా నక్కరోగము. గజ్జి పట్టిన నక్కకు బొచ్చు ఊడుటను చూచి గ్రీకులు పెట్టిన పేరును అరబ్బులు తమ భాషలోనికి మార్చుకొనగా, యునానీ వైద్యముతోపాటు అది దక్కనునకు దిగినది. ఒకే ఊరిలో ఒకే మచ్చకు ఒకడు పేనును, ఒకడు నక్కను, ఒకడు ఇంద్రుని తప్పుపట్టుచుండిరి.

ఇక స్త్రీల మాట. ప్రాచీన వైద్యగ్రంథ వ్యాఖ్యాతలు విదేహుడను వైద్యుని మతముగా ఉదాహరించిన ఒక యభిప్రాయము కలదు: స్త్రీలు సుకుమారులగుటచేతను, మాసమాసమును దోషములు రజస్సుతో వెడలిపోవుచుండుటచేతను వారికి ఖలతి కలుగదట. క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దమున పుట్టిన గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేర వెలసిన సూత్రములలో నపుంసకులకు బట్టతల రాదని కలదు. ఇరువురును కారణమును తప్పుగా ఊహించియుండవచ్చును గాని, ఇరువురి చూపును సరియైన చోటనే నిలిచినది: నెత్తిన జరుగు దానికిని, స్త్రీపురుష భేదమునకును ఏదో గుప్తమైన సంబంధము కలదు. అయినను స్త్రీలకు రాదనుట వాస్తవము కాదు. స్త్రీకి నుదుటి అంచు చెదరక నిలిచి, పాపిట మాత్రము ఏటేట వెడల్పగును. 1977లో లుడ్విగ్ అను జర్మను వైద్యుడు దీనిని మూడు దశలుగా విభజించి చూపువరకు వైద్యలోకము దీనిపై తగినంత దృష్టి నిలుపలేదు. మన యిండ్లలో ఆ వెడల్పును మొదట కనిపెట్టునది జడవేయు తల్లి. దానిని కప్పుటకు పాపిటబిళ్ల యుండెను, కొంగుండెను.

కొంగుక్రింద దాగిన దానిని వైద్యుడెట్లు చూడగలడు? అగ్రహారముల బ్రాహ్మణ గృహములలో భర్త పోయిన స్త్రీకి తలగొఱిగించి, మాసమున కొకమారో రెండుమారులో మంగలిచేత మరల గొఱిగించుచుండిరి. తక్కిన కులములలో పెక్కింట ఆ యాచారము లేదు. కందుకూరి వీరేశలింగము 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిన పిదపను, సంస్థానపు సీమలలో ఈ క్రూరకృత్యము చాలకాలము నడచినది. నలువదియైదేండ్లు దాటి ఋతువుడిగిన స్త్రీకి కేశములు సన్నబడుట సహజము. కాని ఆ వయస్సువారు అనేకులు అప్పటికే గుండుతో వంటయింటి చీకటిలో నుండిరి. ప్రకృతి వారి తలలపై ఏమి చేసెనో ఎవ్వరును చూడలేదు, మనుష్యులు చేసినది మాత్రము అందఱును చూచిరి. స్త్రీల కేశనష్టమును గూర్చి మన పాత వైద్యము మౌనముగా నుండుటకు నేను ఊహించు కారణములలో ఇది యొకటి.

బాలింతల విషయమున ఈ మౌనము లేదు. వనపర్తి దాపున మా అవ్వ యింట ప్రసవించిన ప్రతి కోడలికిని మూడవ నెల దాటినంతనే దువ్వెననిండ వెంట్రుకలు వచ్చుచుండెను, వారు కంటతడి పెట్టుకొనగా అవ్వ ‘బిడ్డ నీ మొకం గుర్తుపట్టి నవ్విండు, ఇగ నీ ఎంట్రికలు ఊడుతయి, వాడు బోర్ల పడి పాకిండంటె మల్లొస్తయి’ అని తేల్చివేసెడిది. ఆమె ఇచ్చిన చికిత్స ఇంతియే: నువ్వులు, బెల్లము, సాంబ్రాణి పొగ, మాటలు. గర్భమున స్త్రీ గ్రంథుల స్రావములు ఉబికి వచ్చుటచే, సహజముగా రాలవలసిన వెంట్రుకలును రాలక నిలిచిపోవుననియు, కాన్పుతో ఆ స్రావములు ఒక్కమారు అణగిపోవుటచే నిలిచినవన్నియు విశ్రాంతిదశకు చేరి రెండు మూడు నెలల పిదప మూకుమ్మడిగా రాలుననియు నేడు తెలిసినది. క్లిగ్‌మన్ అను అమెరికా వైద్యుడు జ్వరము, కాన్పు, తీవ్రమైన వేదన మొదలైన వాని పిదప కలుగు ఈ మూకుమ్మడి రాలుడును 1961లో ప్రత్యేకముగా గుర్తించి దానికి పేరు పెట్టెను. బిడ్డ తల్లి ముఖమును ఆనవాలు పట్టి కేరింతలు కొట్టు వయస్సును సరిగా మూడవ నాలుగవ మాసమే. నవ్వునకును రాలుడునకును కార్యకారణ సంబంధము లేదు, కాలసంబంధము కలదు. అవ్వ గడియారము తప్పలేదు. తనంతట తగ్గిపోవు దానికి నూనె సీసాలు అంటగట్టకుండుట, తగ్గునని నమ్మకముతో చెప్పుట, ఈ రెండును ఏ వైద్యశాస్త్రమునకైనను వన్నె తెచ్చునవే.

ఆకలిచే రాలిన జుట్టు కథ వేఱు. 1876లో మొదలై దక్కనునంతయు కాల్చిన ధాత కరవున ఈ సీమయు మాడినది; అట్టి యేండ్లలో పసివారి తలవెంట్రుకలు రాగిరంగునకు తిరిగి, పట్టి లాగినచో చేతికి వచ్చును. అది గ్రంథుల దోషము కాదు, గాదెల దోషము. వలస కూలికి పోయిన పాలమూరు స్త్రీలలో రక్తహీనతచే పలుచనైన కొప్పులు నేటికిని కలవు. అట్టివారికి కావలసినది తలకు పూసెడి మందు కాదు.

బోడిగుండునకును మోకాలికిని ముడిపెట్టుట అని మనవారు అసంగతపు మాటలను ఎగతాళి చేయుదురు. ఇరువదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు బోడిగుండునకు మోకాలికంటెను ఎంతో గుట్టయిన చోటులతో ముడి పెట్టి నెగ్గిరి. శరీరమున ఒకచోట పుట్టి రక్తముతో ప్రవహించి మఱియొకచోట పని చేయు స్రావమునకు 1905లో స్టార్లింగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హార్మోను అను పేరు పెట్టెను. 1942లో అమెరికా దేశమున జేమ్స్ హామిల్టన్, యౌవనమునకు ముందే బీజకోశములు పోయిన పురుషులకు బట్టతల రాకుండుటను, వారికి టెస్టోస్టిరోను ఎక్కించినచో బట్టతల వంశములవారికి మాత్రము జుట్టు పలుచబడుటను చూపెను. హిపోక్రటీసు సూత్రమును, మా ఊరి మంగలి జోస్యమును ఒకే పరిశోధనలో కలిసినవనవచ్చును: వంశము వాకిలి తెరచియుంచవలెను, హార్మోను లోనికి రావలెను. 1974లో డొమినికను గణతంత్రమున కొన్ని కుటుంబములను పరిశీలించిన ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందము, టెస్టోస్టిరోనును డైహైడ్రోటెస్టోస్టిరోనుగా మార్చు ఎంజైము పుట్టుకతోనే కొఱవడిన పురుషులను వర్ణించినది. అట్టివారికి కండలు పెరిగినను గడ్డము పలుచగా నుండును, బట్టతల రాదు. అపరాధి పట్టుబడినది. ఆ రూపాంతరమగు డైహైడ్రోటెస్టోస్టిరోను నెత్తిపై కుదుళ్లను ఏటేట సన్నము చేసి, రెండు మొదలు ఆరేండ్లు పెరుగవలసిన వెంట్రుకను నెలలలోనే రాల్చి, తుదకు నూగుగా మిగుల్చును. ఆశ్చర్యమేమన, గడ్డమునను మీసమునను అదియే వెంట్రుకను బలిపించును.

స్త్రీలయందును ఈ చిత్రము కనబడును. 1935లో చికాగోలోని స్టెయిన్, లెవెంథాల్ అనువారు అండాశయములలో నీటితిత్తులు ఏర్పడి, నెలసరి తప్పి, ముఖమున రోమములు మొలచు స్థితిని వర్ణించిరి. నేడు గద్వాలలోను, నాగరుకర్నూలులోను కాలేజీకి పోవు ఆడపిల్లలు పీసీఓడీ యని అనాయాసముగా పలుకునది అదియే. నెత్తిన తరుగును, గడ్డమున పెరుగును. మన పాతకాలపు స్త్రీవైద్యము నెలసరిని, కురులను ఒకే తాడున చూచినది. మద్రాసులో కేసరి కుటీరమును స్థాపించి, 1928లో గృహలక్ష్మి మాసపత్రికను వెలువరించిన కె. ఎన్. కేసరిగారి లోధ్ర ఔషధము గర్భాశయ వ్యాధులకని తెలుగునాట ఇల్లిల్లును ఎఱిగినది. ఆ మందు ఎంత పనిచేసెనను దానికంటె, స్త్రీలు పైకి చెప్పుకొనజాలని బాధను అచ్చుపుటపై చెప్పుటయే అప్పటికి విశేషము.

మందులు వచ్చిన తీరు ఒక హాస్యకథ. తీవ్రమైన రక్తపు పోటునకై అప్‌జాన్ సంస్థవారు 1979లో అమ్మకమునకు తెచ్చిన మినాక్సిడిల్ మాత్రను మ్రింగినవారికి ఒడలంతయు రోమములు మొలచెను. రోగుల గొణుగుడే వర్తకునకు వరమై, దానిని నెత్తికి రాచుకొను ద్రవముగా మార్చి 1988లో పురుషులకును, 1991లో స్త్రీలకును అమెరికా ప్రభుత్వపు అనుమతి పొందిరి. ఉబ్బిన ప్రోస్టేటు గ్రంథికై 1992లో వచ్చిన ఫినాస్టెరైడ్, ఐదవ వంతు మోతాదున 1997లో పురుషుల బట్టతలకు మందైనది. పైని చెప్పిన ఎంజైమునకు అది అడ్డుకట్ట. గర్భిణులు దానిని వాడరాదు. గర్భస్థమైన మగబిడ్డకు హాని. ఈ రెంటిలో దేనినైనను మానివేసినచో నెలలలోనే తల మొదటికి వచ్చును గనుక, ఇవి వ్యాధిని తీర్చునవి కావు, వాయిదా వేయునవి. థైరాయిడు గ్రంథి మందగించుటచే రాలు జుట్టు మాత్రము గ్రంథికి మందు పడినంతనే చాలవఱకు తిరిగి వచ్చును; కావున నూనె కొనుటకు ముందు రక్తపరీక్ష చేయించుకొను ఇల్లాలు తెలివైనది. నేడు వనపర్తి బస్సుస్టాండు ముందర మందుల కొట్టులో గుంటగలగర నూనెయు, మినాక్సిడిల్ సీసాయు ఒకే అరలో ప్రక్కప్రక్కన నిలిచియుండుటను చూచితిని. ఏది ఎక్కువ అమ్ముడగునని అడుగగా ఆ కొట్టువాడు తన గుండును నిమురుకొనెను.

మందులు లేని కాలమున ఇచ్చటి ప్రజలు చేసికొనిన సర్దుబాట్లు చికిత్సలకంటె నాకు మిన్నగా తోచును. పురుషునకు రుమాలు ఉండెను. పటేలు, పట్వారీ, గొల్ల, కాపు, అందఱును తలకు చుట్టుచుండిన ఆ గుడ్డ క్రింద ఎవరిది బట్టతలయో భార్యకును మంగలికిని తక్క తెలియదు. తలపాగ పోయి క్రాపు వచ్చిన తరమునుండియే బట్టతల వ్యథయైనది. మఱియొక సర్దుబాటు మొక్కు. కార్తికమాసపు జాతరకు కురుమూర్తి కొండయెక్కి స్వామికి తలనీలాలిచ్చినవాడు, గుండుతో దిగి వచ్చి పదిమంది గుండ్లలో ఒకడగును. అచ్చట ఇచ్చుటయే కాని పోవుట లేదు. ఆ కురుమూర్తిస్వామియు వేంకటేశ్వరుడే. తిరుమల కథలో పశువుల కాపరి గొడ్డలి తగిలి స్వామి నెత్తిన వెంట్రుకలు లేని మచ్చ ఏర్పడగా, నీలాదేవియను గంధర్వకన్య తన కురులను పెఱికి ఆ చోట అమర్చెనట. నాటినుండి భక్తుల కేశములు ఆమె పేరనే తలనీలాలైనవని చెప్పుదురు. ఒకరి వెంట్రుక మఱియొకరి నెత్తిన నాటుకొనుటను నేటి వైద్యము ఒప్పుకొనదు, ఎవరి వెనుకతలనుండి వారికే నాటును. దేవతలకు ఆ నిబంధన లేకపోయెను కాబోలు.

స్త్రీలకు సవరము. ఈ మాటకు మొదట చమరీమృగమని యర్థము. రాజులకు వీవబడిన చామరమును, సన్నబడిన జడలో చేర్చబడిన పెట్టుడు పాయయు ఒకే మాటతో పిలువబడినవి. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినను అందమే యను సామెతకు లేనమ్మ యిచ్చిన సమాధానము సవరము. తన తల్లి జడనుండి, అక్క జడనుండి రాలినవే పోగుచేసి అల్లించుకొనుట ఉత్తమమనిరి; పరాయి వెంట్రుకలు పనికిరావని పట్టుపట్టినవారు కొందఱు, కొన్నచో కడిగి వాడవచ్చుననినవారు కొందఱు. పెండ్లినాడు పదునాఱేండ్ల పిల్లకును సవరము కట్టి, జడబిళ్లలు, నాగరము, కుప్పెలు వ్రేలాడదీసి, ఆ బరువునకు చెంపలకడ వెంట్రుకలు లాగి పెఱికివేయునట్లు చేసిరి. అలంకారమే రోగహేతువగుట అరుదు కాదు.

దువ్వునపుడు వచ్చిన చిక్కువెంట్రుకలను బయట పాఱవేయుట ఇండ్లలో తప్పు. వానిని వ్రేలికి చుట్టి, ఉండచేసి, ఇంటి చూరులోనో గోడ నెఱ్ఱెలోనో దోపుచుందురు. తెలంగాణమున కథలు చెప్పి తంబుర మీటి బ్రదికిన బుడగజంగములలో అనేకులు, కథ వినువారు కరవైన పిదప, ఈ ఉండలను కొనుటకు వీధుల వెంట తిరుగసాగిరి. ఆ వెంట్రుకలు చిక్కు తీయబడి, పొడవుల వారీగా వేరుచేయబడి, సవరములకును, విగ్గులకును దేశాంతరము పోవును. పూర్వము సూదులును పిన్నులును, తరువాత స్టీలు సామానులును వారి మారకపు సొమ్ము. గడచిన చలికాలమున వనపర్తిలో ఒక సందున ‘ఎంట్రికలకు గిన్నెలమ్మా’ అను కేక విని నిలిచితిని. ఒక యింటి కోడలు చంకను నాలుగైదు నెలల బిడ్డతో వెలికి వచ్చి, చూరునుండి మూడు ఉండలు తీసి జంగమామె చేతనుంచెను. ఆమె వానిని తక్కెడలో వేసి, ‘బాలింత ఎంట్రికలు, మెత్తగున్నయి’ అని, గంపనుండి గరిటె తీయబోయెను. కోడలు వలదని తల ఊపి, బేరమాడి, ఒక చిన్న ఉగ్గుగిన్నెను పుచ్చుకొని, ఎండలో తిప్పి చూచి, బిడ్డ చేతికిచ్చెను. బిడ్డ దానిని నోటబెట్టుకొని నవ్వెను.